పదో రోజు రక్తం

తొమ్మిదేళ్లుగా కర్నూలులో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతున్నాను. వైరస్ అంటే ఏమిటో, అది ఒంట్లో దూరాక రక్తం యాంటీబాడీలను ఎలా తయారు చేసుకుంటుందో ఏటేటా బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పేవాడిని. అలాంటి నేను, నా రక్తమే పరీక్షకు ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఏ రోజున ఇవ్వాలో కూడా ఆలోచించకుండా పరుగెత్తాను. చదవేస్తే ఉన్న మతి పోయిందనే మాట నన్ను చూసే పుట్టించి ఉంటారు.

ఇందులో మెచ్చుకోదగిన మనిషి నాకు సంబంధం కుదిరిన ఆమె. నేను కాదు. ఈ సంగతి మొదటే చెప్పేస్తే మిగతాది చెప్పడం నాకు కాస్త సులువు.

ఆమె కడపలో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిముల కాగితాలు చూస్తుంది. ఏ కాగితమైనా ముందు చదివి, వెనక్కి తిప్పి, వెనక ఏమీ లేకపోయినా ఒకసారి చూసి కింద పెట్టే అలవాటు. మా సంబంధం కుదిరేనాటికి ఆమెకు ముప్పై మూడు, నాకు ముప్పై ఆరు. ఆమెకు మొదటి పెళ్లి విడాకులతో ముగిసి ఐదేళ్లయింది. నాకు ఇదే మొదటిది.

పెళ్లిచూపులనాడు మా అమ్మ అడగని ప్రశ్న లేదు. మొదటాయన ఎలాంటివాడు, ఎందుకు చెడింది, ఆయనకేమన్నా జబ్బులుండేవా, నీకేమన్నా ఉండాయా. ఆమె కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క జవాబు చెప్పింది. గొంతు పెరగలేదు, తగ్గలేదు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. లెక్చరర్ కాకముందు మూడేళ్లు బెంగళూరులో ఒంటరిగా ఉద్యోగం చేసినవాడిని. అక్కడ ఒకామెతో కొన్నాళ్లు కలిసి తిరిగినవాడిని. అయినా మొదటి పెళ్లి కాబట్టి కడిగిన ముత్యమని రెండిళ్లవాళ్లూ అనుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను.

పెళ్లి ఇంకా రెండు నెలలుందనగా, ఒక శనివారం ఇద్దరం గండికోట చూడడానికి వెళ్లాం. ఎండ తగ్గేదాకా కోటలో తిరిగాం. పెన్న లోయ అంచున కూర్చుని ఆమె తెచ్చిన చిత్రాన్నం తిన్నాం. ఆ రోజు తిరిగి రాలేదు, అక్కడే గది తీసుకుని ఆగిపోయాం. ఎటూ పెళ్లి చేసుకోబోతున్నాం కదా అనుకున్నాం.

తొమ్మిదో రోజున నేను స్టాఫ్ రూములో జవాబు పత్రాలు దిద్దుకుంటూ ఉంటే ఫోన్ వచ్చింది.

"ఈడ ఎవరూ లేరు, నేను మాట్లాడొచ్చు. నీ దగ్గర ఎవరన్నా ఉండారా? ఉంటే బయటికి రా," అంది.

వరండాలోకి వెళ్లాను.

"నాకు బొబ్బలు లేసినాయి. లేడీ డాక్టరుకు చూపిచ్చుకుంటి. పుండు మీద దూదిపుల్లతో తీసి పరీక్షకు పంపినారు. హెర్పిస్ అంట. టైపు టూ. అదే పొద్దు రక్తం కూడా తీసినారు, దాంట్లో ఏమీ లేదంట. నా మొదటి పెళ్లి నాటిదేమో, ఇన్నాళ్లూ అణిగి ఉండి ఇప్పుడు లేసిందేమో. నీకు అంటి ఉండొచ్చు. నువ్వు పోయి పరీక్ష చేపిచ్చుకో. ఆ తర్వాత పెళ్లి సంగతి నువ్వే చెప్పు. వద్దంటే నేనేమీ అనుకోను."

అంతా ఒక్క ఊపిరిలో చెప్పింది. ఆఫీసు ఫైలు చదివి వినిపించినట్టు వరుసగా, ఏదీ దాచకుండా. పుండులో ఉంది, రక్తంలో లేదు అన్న మాటకు అర్థం ఏమిటో జంతుశాస్త్రం చెప్పేవాడికి అక్కడికక్కడే తట్టాలి. నాకు తట్టలేదు. నా చెవిలో మోగుతున్నది ఒక్కటే, నాకేమవుతుందో అని. నొప్పిగా ఉందా అని కూడా అడగలేదు. ఈ వయసులో నేను చేసిన తప్పుల్లో అది చిన్నదిగా కనబడవచ్చు గానీ ఇవాళ్టికీ గుచ్చుకునేది అదే.

మర్నాడు పొద్దున్నే పెద్దాసుపత్రి వెనక సందులో ఉన్న ఒక చిన్న ల్యాబుకు వెళ్లాను. అక్కడి టెక్నీషియన్ అరవైకి దగ్గర పడిన ముసల్మాను. ఆ సందులో అందరూ ఆయన్ను భాయ్ అంటారు. తెల్ల టోపీ, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. నేను గొణుగుతూ పరీక్ష పేరు చెబితే ఆయన గొంతు ఇంకా తగ్గించి అడిగాడు.

"ఎన్ని దినాలాయప్పా?"

"పది."

"పది దినాలకు ఏం తెలుస్తాది? బుడ్డలు విత్తి పదో దినం చెట్టు పీకితే కాయలుంటాయా?"

బుడ్డలంటే మా వైపు వేరుశనగ. మా తాతలు పండించింది అదే కాబట్టి ఇంతకన్నా వివరంగా నాకు చెప్పక్కర్లేదు. అయినా ఆయన చెప్పాడు.

"రక్తంలో మేము ఆ పురుగును వెతకమప్పా. దాని మీద కొట్లాటకు ఒళ్లు తయారు చేసుకునే సరుకును వెతుకుతాం. అది కొందరికి మూడు వారాలకు వస్తాది, కొందరికి ఆరుకు, ఇంకొందరికి పన్నెండు దాటి పదహారు వారాలు కూడా పడతాది. ఇప్పుడు లేదని వచ్చినా లేనట్టు కాదు. సబర్ చేయల్ల."

సబర్ అంటే ఓపిక. అది ఉంటే నేను అక్కడెందుకు ఉంటాను? ఐజీఎం అని ఇంకో పరీక్ష ఉంటుంది కదా, అది తొందరగా పలుకుతుంది కదా, అదన్నా చేయండి అని నా చదువు చూపించబోయాను. ఆయన చేతిలో ఉన్న దూది పక్కన పెట్టాడు.

"దాన్ని నమ్మి శానామంది కాపురాలు చెడగొట్టుకున్నారప్పా. పాత జబ్బుకూ పలుకుతాది, వేరే జబ్బుకూ పలుకుతాది. ఈ జబ్బుకు ఆ పరీక్ష నేను చేయను. యాడన్నా చేస్తారేమో పో."

గిరాకీ వచ్చి కూర్చుంటే పొమ్మనేవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు. అప్పుడు మాత్రం ఆయన మీద కోపమే వచ్చింది. మొండికేసి కుర్చీలోంచి లేవలేదు. కాసేపు చూసి ఆయనే దిగివచ్చాడు.

"సరే, చొక్కా చెయ్యి పైకి తీయి. ఇప్పుడు తీస్తే ఒక లాభముండాది. ఇంతకు ముందే నీకు ఉండాదా లేదా అనేది తెలుస్తాది. ఇప్పుడు లేక, పన్నెండు వారాలకు వస్తే కొత్తదని లెక్క."

"నాకు ముందే ఎందుకుంటుంది?" అన్నాను కాస్త గట్టిగా.

ఆయన నా చేతికి రబ్బరు పట్టీ కట్టాడు. సూది దిగింది తెలియనంత నేర్పు ఆ చేతిది.

మర్నాడు సాయంత్రం రిపోర్టు వచ్చింది. టైపు టూ, ఉంది అని. వెంటనే నోరు లేచింది. "చూశారా భాయ్, పది రోజులకే అంటించింది," అన్నాను.

ఆయన లోపలి గది తలుపు దగ్గరగా వేసి, స్టూలు మీద నన్ను కూర్చోబెట్టాడు. రిపోర్టు మీద ఉన్న అంకె కింద వేలు పెట్టాడు.

"ఉంది, లేదు అని తేల్చే గీత ఒకటి ఉంటాది, ఈ అంకె దానికి కొంచెం పైన ఉంటే నేనే నమ్మను. అంచున ఉండేవి శానాసార్లు తప్పుతాయి. మళ్లా చేపిచ్చుకో అని పంపిస్తా. నీది గీతకు శానా ఎత్తున ఉండాది. పది దినాల పంట కాదప్పా ఇది. కాయ ముదిరి ఉండాది. విత్తనం ఎప్పుడో పడింది."

నేను నమ్మలేదు. నాకెప్పుడూ అలాంటి జబ్బు లేదన్నాను.

"జబ్బని అనుకోకున్నా సరే. నడుం కింద యాడన్నా నీటి బొబ్బలు గుంపుగా లేసేవా? వారం దినాల్లో వాటికవే మానిపోయేవా?"

అప్పుడు నాకు సింహాలు గుర్తొచ్చాయి.

మా వైపు ఒంటి మీద నీటిబొబ్బలు గుంపుగా లేస్తే అక్కి అంటారు. అక్కికి ఆసుపత్రి మందు పనిచేయదని, కుమ్మరివాళ్లు రాస్తేనే పోతుందని నమ్మకం. బెంగళూరు నుంచి వచ్చేసిన ఏడాది నుంచి ప్రతి ఎండాకాలం నాకు కుడి పిరుదు మీద, ఒకే చోట, రూపాయి బిళ్లంత మేర బొబ్బలు లేచేవి. మొదటిసారి మా అమ్మ కంగారుపడి నన్ను ఊళ్లో కుమ్మరామె దగ్గరికి లాక్కుపోయింది. ఆ పెద్దావిడ ఎర్రటి జాజురాయి నీళ్లలో అరగదీసి, సన్నటి పుల్లతో బొబ్బలకు అటొకటి ఇటొకటి రెండు సింహాలు గీసింది. అక్కి పాకకుండా అవి కాపలా కాస్తాయట. మూడు రోజులు నీళ్లు తగలనివ్వొద్దంది. వారానికి బొబ్బలు ఎండిపోయాయి. ఇంకేం, గురి కుదిరింది. ఆ తర్వాత ఏటా బొబ్బలు లేవడం, నేను ఊరికి పోవడం, సింహాలు గీయించుకోవడం. పొద్దున సింహాల మీద ప్యాంటు తొడుక్కుని, కాలేజీకి పోయి, వైరస్ పాఠం చెప్పిన రోజులు కూడా ఉన్నాయి. కుమ్మరామెది తప్పేమీ లేదు. ఆమె తనకు తెలిసింది చేసింది. తెలియాల్సినవాడిని నేను.

భాయ్‌కి అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. గండికోటకు పోయే ముందు రోజుల్లో అక్కడ దురద పెట్టిందా అని అడిగాడు. పెట్టింది. ఎండకు చెమట పొక్కు అనుకున్నాను. బొబ్బ పైకి కనబడకపోయినా అంటుతుందని ఆయన చెప్పాడు.

"ఆమె పుండులో ఉందట, రక్తంలో లేదట," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే దాని అర్థం నాకు తెలిసిపోయింది.

"అంటే ఆమెకు కొత్తగా వచ్చింది. ఒళ్లు ఇంకా సరుకు తయారు చేసుకోలేదు," అన్నాడాయన. "ఎవరి నుంచి వచ్చిందో రక్తం చెప్పదప్పా. అది నువ్వే చెప్పల్ల."

మూడు రోజులు చెప్పలేదు. ఆ మూడు రోజుల్లో నా బుర్రలో తిరిగిన ఆలోచనలు రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. నేను నోరు మూసుకుంటే చాలు. నాకూ వచ్చింది, పరవాలేదు, నీ వల్లే అయినా నిన్నే చేసుకుంటాను అని ఒక్క మాటంటే చాలు. నేను దేవుణ్ణయిపోతాను. ఆమె జన్మంతా నా ముందు తల వంచుకుని బతుకుతుంది. నిజం చెబితే ఆమె పోతుంది. చెప్పకపోతే ఉంటుంది. దొంగకు తేలు కుట్టినట్టు ఆ మూడు రోజులూ కిక్కురుమనకుండా కూర్చున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె నుంచి మెసేజ్ వచ్చింది. "పరీక్ష అయిందా? భయపడొద్దు. ప్రాణం మీదికి వచ్చేది కాదంట. పూర్తిగా పోదు గానీ మందులుండాయంట. అన్నం మానొద్దు." అంతే ఉంది అందులో. ఒంటి నిండా మంటతో, పుండు మీద పుండుగా నా అపవాదు కూడా మోస్తూ, నేను అన్నం తిన్నానో లేదో అని ఆమె దిగులు పడుతోంది. ఫోను బల్ల మీద బోర్లించి కాసేపు ఏడ్చాను. తర్వాత సెలవు చీటీ రాసిచ్చి కడప బస్సెక్కాను.

ఆమె ఆఫీసు క్యాంటీన్లో మూలనున్న బల్ల దగ్గర కూర్చున్నాం. ఉగ్గాని ప్లేటు మా ఇద్దరి మధ్య చల్లారిపోయింది. రిపోర్టు ఆమె ముందు పెట్టి బెంగళూరు నుంచి మొదలుపెట్టాను. అక్కి సంగతి, దురద సంగతి, భాయ్ చెప్పిన పంట లెక్క, అన్నీ చెప్పాను. నీకు వచ్చింది నా నుంచే అని చివరికి అన్నాను. ఆమె రిపోర్టు ముందు చదివింది, తిప్పి వెనక చూసింది.

"ఎన్ని సింహాలు?" అంది.

"రెండు."

ఫక్కున నవ్వింది. ఆ నవ్వు సగంలో ఉండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. చున్నీ కొసతో మొహం అదుముకుంది.

"ఇది నాకు చెప్పమని నిన్ను ఎవరన్నా పంపినారా, నీ అంతట నువ్వే చెప్తాండావా?"

"నేనే."

"నీ మీద నాకు కోపం లేదనుకోవద్దు. గొంతుదాకా ఉండాది," అంది. "కానీ మా ఆఫీసులో ఒక్క కాగితం చూసి ఏదీ తేల్చం. నాకు పన్నెండు వారాలు కావల్ల. అప్పటికి నా రక్తం మళ్లా తీపిచ్చుకుంటా. నువ్వు కూడా వేరే పద్ధతిలో ఇంకోసారి చేపిచ్చుకో. అంతవరకు ఫోను చేయొద్దు. పెళ్లి వెనక్కి జరిపేదానికి మా ఇంట్లో నేను చెప్పుకుంటా. మీ ఇంట్లో నువ్వు చెప్పుకో."

లేచి, చల్లారిన ప్లేటు తనే తీసుకెళ్లి తొట్టిలో పెట్టి, పనిలోకి వెళ్లిపోయింది. నేను ఆమెను మెచ్చుకోవడం మొదలైంది అప్పుడే. ప్రేమ అంతకు ముందే ఉంది. మెచ్చుకోవడం వేరు.

పెళ్లి వెనక్కి జరిగిందనగానే మా అమ్మ ఆమె మీదికే పోయింది. "నేను అప్పుడే అనుకుంటి, ఆ పిల్లకేదో ఉండాదని," అని మొదలుపెట్టింది. ఈసారి నేను ఆగలేదు. ఉన్నది నాకని, అక్కి అనుకున్నది అక్కి కాదని, అది ఆమెకు అంటించింది నేనని చెప్పేశాను.

"కుమ్మరామె రాస్తే తగ్గేది కదప్పా?" అంది అమ్మ.

"రాయకపోయినా తగ్గేదమ్మా."

అమ్మ చేతిలో ఉన్న కందిపప్పు చేట కింద పెట్టింది. "ఆ పిల్లను అందరి ముందర అన్ని మాటలడిగితినే," అంది. మా అమ్మ తన మాటను తానే తప్పుపట్టుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

వేరే పద్ధతిలో చేయించిన నా రెండో పరీక్ష మొదటిదాన్నే బలపరిచింది. మిగిలినది ఎదురుచూపు. ఫోను చేయలేదు. ఒకటి రెండుసార్లు ఆమె నంబరు మీద వేలు పెట్టి తీసేశాను. పన్నెండు వారాలు అంటే పరీక్షకే పట్టే గడువు అని నా చదువు చెబుతోంది. ఆమె ఆ గడువును దేనికి వాడుకుంటోందో నాకు తెలియదు. కోపం తీరడానికా, నన్ను మరిచిపోవడానికా?

పన్నెండో వారం దాటిన సోమవారం పొద్దున ఆమె కర్నూలు బస్టాండులో దిగింది. కడపలో ల్యాబులు లేక కాదు, ఐజీఎం చేయనన్న మనిషిని చూడాలనిపించిందట. భాయ్ ఆమెను కూర్చోబెట్టి, నన్ను బయటికి పొమ్మన్నాడు. లోపల వాళ్లిద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. సాయంత్రం రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఆయన ఆమెతోనే మాట్లాడాడు. "వచ్చిందమ్మా. అప్పుడు లేదు, ఇప్పుడుండాది. లెక్క సరిపోయింది," అన్నాడు.

ఆమె రిపోర్టు ముందు చదివింది, వెనక చూసింది, మడిచింది. బయట మెట్ల మీద కూర్చుని బ్యాగులోంచి ఇంకో కాగితం తీసి నాకిచ్చింది. కడప లేడీ డాక్టరు చీటీ అది. ఇది పాతది కాదు, కొత్తగా సోకింది, రక్తంలో ఇంకా యాంటీబాడీలు లేవు, భాగస్వామికి పరీక్ష చేయించాలి అని ఇంగ్లీషులో రాసి ఉంది. కింద తేదీ చూశాను. ఆమె నాకు ఫోన్ చేసిన రోజుకు ముందు రోజు.

చాలాసేపు ఆ తేదీనే చూశాను.

"తెలిసే ఫోను చేసినావా?"

"తెలిసే."

"మరి నీ మొదటి పెళ్లి నాటిదేమో అని ఎందుకన్నావు?"

"నీ నుంచి వచ్చిందంటే నువ్వు ల్యాబుకు పోయేవాడివా? మా ఇంటి మీదికి కొట్లాటకు వచ్చేవాడివి. నాదేమో అంటే, భయానికైనా ఉరుకుతావని తెలుసు. ఉరికినావు, పదో దినానికే," అంది. చివరి మాటకు పెదవి కొస కొంచెం వంగింది. "పుండు, రక్తం రెండు సంగతులూ నీకు చెప్తి కదా. దాచలేదు. అర్థం చేసుకునే చదువు నీకుండాది."

ఆమె అపవాదు తన నెత్తిన వేసుకుని నన్ను పరీక్షకు పంపింది. పంపి, నేను ఏ మాటతో తిరిగి వస్తానో అని ఐదు రోజులు కాచుకుని కూర్చుంది. అన్నం మానొద్దని మెసేజ్ పెట్టింది కూడా అన్నీ తెలిసే.

"నేను వచ్చి నిజం చెప్పకపోయుంటే?" అన్నాను. "పరవాలేదు, నిన్నే చేసుకుంటానని పెద్ద మనసు చూపిచ్చుంటే?"

ఆమె చీటీ నా చేతిలోంచి తీసుకుని, కొత్త రిపోర్టుతో కలిపి బ్యాగులో పెట్టి జిప్పు లాగింది.

"ఆ పొద్దే ఈ చీటీ నీ ముందర పెట్టి లేసి పోయుందును. పన్నెండు వారాలు అడిగేదాన్నే కాదు," అంది. "పద. మీ అమ్మ నిన్న నాకు ఫోను చేసి, ఇంటికి రమ్మని ఏడ్చింది."